అరవై శాతం అంటే నలభై పోయినట్టా?

బాబాయి తన టూడీ ఎకో (శబ్ద తరంగాలతో గుండెను చూసే పరీక్ష) రిపోర్టు నా ముందు పరిచి ఒక అంకె మీద వేలు పెట్టాడు. "ఈఎఫ్ 60 శాతం అని రాశారు. అంటే గుండె నలభై పాళ్లు పోయినట్టేనా?" నల్లగొండ శివారులో బత్తాయి తోట చూసుకునే మనిషి, అరవై దాటాయి. రాత్రంతా కునుకు పట్టలేదని ముఖమే చెబుతోంది.

ఏమీ పోలేదు. గుండె ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తాన్ని నెట్టే కింది గది, నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకుందాం. ముడుచుకున్నప్పుడు 70 దాకా బయటికి నెడుతుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. నెట్టిన ఆ వాటానే ఈఎఫ్. ఎంత గట్టి గుండెకైనా నూటికి నూరు రాదు. 55 నుంచి 70 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఫస్టు క్లాసు అని చెప్పబోయి ఆగాను, చెబితే మళ్లీ మార్కుల లెక్కలోకే దిగుతాడు.

పాతబావిలోకి తొంగి కేక వేస్తే గోడలకు తగిలి తిరిగివస్తుంది కదా, ఎకో సూత్రం అంతే. కాకపోతే ఈ కేక మన చెవికి అందదు, సెకనుకు పదుల లక్షల కంపనాలు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి తొలిసారి ఇలా గుండె కదలికను నమోదు చేశారు. వాడిన యంత్రం లోహాల్లో పగుళ్లు వెతకడానికి చేసినది! గాలి ఈ శబ్దాన్ని సాగనివ్వదు కనుకనే ఛాతీకి చల్లని జెల్ పూస్తారు, ఊపిరితిత్తి అడ్డు తగ్గేలా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. తెర మీద కనిపించే ఎరుపు, నీలం చూసి మంచి రక్తం, చెడు రక్తం అనుకునేవారు చాలామంది. ఎరుపు పరికరం వైపు వస్తున్న రక్తం, నీలం దూరంగా పోతున్న రక్తం. రంగు దిశను చెబుతుంది, అంతే.

రిపోర్టులో బాబాయిని భయపెట్టిన మాటలు మరో రెండు ఉన్నాయి. 'ట్రివియల్ టీఆర్' అంటే కుడివైపు కవాటం దగ్గర రవ్వంత వెనక్కి కారడం, ఆరోగ్యవంతుల్లోనూ తరచుగా కనిపించేదే. 'గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్' అంటే గుండె కండరం సడలడంలో కొంత మందగింపు. ఈ వయసులో మామూలే, కాకపోతే బీపీని అదుపులో ఉంచుకోమనే సూచన కూడా దానిలో ఉంది.

ఇంత చెప్పాక బాబాయి నవ్వాడు. నాకు మాత్రం అసలు బెంగ అక్కడే మొదలైంది. పరీక్ష చేయించింది ఛాతీ బిగుతు కోసం. బోరు మోటారును ఊహించుకోండి. తిరుగుతోందా, నీళ్లు ఎత్తుతోందా అనేది ఎకో చూస్తుంది. మోటారుకు కరెంటు తెచ్చే తీగలు ఎలా ఉన్నాయో చూడదు. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ నాళాలు ఆ తీగలు. వాటిలో పూడిక ఉన్నా, పడుకుని ఉన్నప్పుడు కండరం చక్కగానే ముడుచుకోవచ్చు. భారం పడినప్పుడే లోటు బయటపడుతుంది. అప్పటికే గుండెపోటు వచ్చి కండరం దెబ్బతిని ఉంటే ఆ చోట కదలిక తగ్గి ఎకోలోనే తెలుస్తుంది. ముందస్తు పూడికకు ఆ హామీ లేదు.

అందుకే డాక్టరు రిపోర్టు కన్నా ముందు అడిగే ప్రశ్న: ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే పోతుంది? వేలితో నొక్కితే నొప్పి పుట్టే చోటు, దీర్ఘశ్వాసకు చురుక్కుమనే పోటు ఎక్కువగా కండరాలదో పక్కటెముకలదో అవుతాయి. కూర్చుని ఉన్నా తగ్గని బరువు, చల్లచెమట, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి అయితే రిపోర్టుల కోసం వెతకకూడదు, 108కి ఫోను చేయాలి. మధుమేహం ఉన్నవారికి నొప్పే లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు.

బాబాయిని అదే అడిగాను. లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు సగం ఎక్కేసరికి పట్టేస్తుందట. చప్టా మీద కూలబడి సోడా తాగితే రెండు నిమిషాల్లో పోతుందట. "గ్యాసే" అన్నాడు ధీమాగా. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఆరో నిమిషంలో అదే బిగుతు, ఈసీజీ గీత కూడా కిందికి జారింది, గుండె కండరానికి రక్తం చాలడం లేదనే సూచన. కరోనరీ నాళాల్లో పూడికను చూసే యాంజియోగ్రామ్ రాశారు. నాలుగు నెలలుగా నొప్పిని తగ్గించింది కూర్చోవడం, పేరు మాత్రం సోడాకు దక్కింది.