కార్మికుడి పేరుతో మొదలైన చదువు

జంషెడ్‌పూర్‌లో 1949లో జెసూట్ అనే క్యాథలిక్ సంఘపు గురువులు నెలకొల్పిన విద్యాసంస్థకు జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. కార్మిక సంఘాల వారికీ, యాజమాన్యాల వారికీ అక్కడ తరగతులు జరిగేవి. ఇప్పుడు ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనగానే మేనేజ్‌మెంట్ కళాశాల గుర్తుకొస్తుంది. ఆ పేరులోని 'ఎల్' అక్షరం లేబర్‌దని ఎంతమందికి తెలుసు? శ్రమ గురించిన చదువు మన దేశంలో ఏ దారిన నడిచిందో చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

విశ్వవిద్యాలయం శాఖలుగా చీలి ఉంటుంది. కార్మికుడి బతుకు అలా చీలదు. కూలి రేటు అర్థశాస్త్రం, సంఘం పెట్టుకునే హక్కు చట్టం, ఏ పని ఏ కులానికి దక్కుతుందన్నది సమాజశాస్త్రం, పత్తి ధూళికి పాడైన ఊపిరితిత్తులు వైద్యం. ఇవన్నీ ఒకే మనిషి మీద ఒకేసారి పడతాయి. అందుకే ఈ విషయాన్ని పలు శాస్త్రాల కలయికగా చదవాలన్న ఆలోచన పుట్టింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1945లోనే పారిశ్రామిక, కార్మిక సంబంధాలకు ఒక కళాశాలనే తెరిచింది. అక్కడ 1957 నుంచి పాఠాలు చెప్పిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అంతకుముందు రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో కార్మిక మంత్రి. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో 146 మందిని బలి తీసుకున్న అగ్నిప్రమాదాన్ని ఆమె కళ్లారా చూశారు. అలాంటి మనిషి ఎదుట కూర్చున్న విద్యార్థికి కార్మిక చట్టం పొడి సెక్షన్ల జాబితాగా మిగలదని నా నమ్మకం.

మన దగ్గర దారి వేరు. 1936లో బొంబాయిలో మొదలైన సంఘసేవా కళాశాల, నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, కార్మిక సంక్షేమాన్ని తొలినాళ్ల నుంచే బోధించింది. ఆ తరువాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ చదువు గతిని మలుపు తిప్పింది. 500 మంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారంలో సంక్షేమ అధికారి ఉండాలని ఆ చట్టంలోని 49వ సెక్షన్ చెప్పింది. దాంతో డిగ్రీ వెంట ఒక కొలువు నిలబడింది. ఆ అధికారి చూడాల్సింది కార్మికుల బాగోగులు, జీతమిచ్చేది యాజమాన్యం. ఆ ఇరకాటం పాఠ్యప్రణాళికలోకీ పాకింది. కార్మిక సంక్షేమం సిబ్బంది నిర్వహణగా, అది మానవ వనరుల నిర్వహణగా పేర్లు మార్చుకుంటూ వచ్చింది. పేరు మారిన ప్రతిసారీ ప్రశ్న వేసే మనిషి యాజమాన్యం కుర్చీకి మరింత దగ్గరగా జరిగాడు.

ఇదే కాలంలో మరో దృష్టి కూడా ఉంది. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమంతో సంబంధాల కారణంగా 1916లో ఆ దేశం విడిచి రావాల్సి వచ్చింది. ఇక్కడికి వచ్చాక రైల్వే కార్మికులను కూడగట్టారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, వివాదాలను నిర్బంధ తీర్పులకు వదలకుండా ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని వాదించారు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో పదవి వదులుకున్నారు. 1974లో ఏర్పడి నేడు నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. పరిశోధన, శిక్షణ అక్కడ జరుగుతున్నాయి. కానీ ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు డిగ్రీలో శ్రమనే ప్రధాన విషయంగా తీసుకోవాలంటే మన దేశంలో దారులు బహు తక్కువ.

అసలు లోటు ఇంకోటి ఉంది. 500 మంది ఉన్న కర్మాగారాన్ని కొలతగా పెట్టుకుని పెరిగిన చదువుకు దాని గేటు అవతలి ప్రపంచం సరిగా కనిపించలేదు. అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని శ్రామికుల్లో దాదాపు 92 శాతం మంది అసంఘటితంగా, సామాజిక భద్రత లేకుండా పనిచేసేవారే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టలు కట్టడానికి ఊళ్లు దాటిన పాలమూరు కూలీలు, నిజామాబాద్‌లో ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఈ 92 శాతంలోనివారు. వీరికి సంక్షేమ అధికారీ లేడు, హాజరు పట్టీ కూడా అరుదే. 1996లో ఏర్పడిన భారతీయ శ్రామిక చరిత్రకారుల సంఘం వంటి వేదికలు ఇలాంటి బతుకులను చరిత్రలోకి తీసుకొచ్చే పని చేశాయి. పరిశోధన అంతవరకు వచ్చినా తరగతి గది ఇంకా వెనకే ఉంది.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019లో శ్రామిక అధ్యయనాలను పూర్తి స్థాయి డిగ్రీగా చేసింది. దాని వెనుక 1945 నుంచీ నడిచిన పరిశోధన సంస్థ ఉంది. అదే 2019లో మన పార్లమెంటు 29 కార్మిక చట్టాలను నాలుగు స్మృతులుగా (కోడ్‌లుగా) కుదించే పని మొదలుపెట్టి మరుసటి ఏడాది ముగించింది. సామాజిక భద్రతా స్మృతిలో ఆహారం చేరవేసేవారు, క్యాబ్ నడిపేవారు 'గిగ్ వర్కర్లు'గా తొలిసారి కేంద్ర చట్టానికి ఎక్కారు. వారి పని గంటలను ఫోనులోని యాప్ లెక్కగడుతుంది, పనిలోంచి తీసేసేదీ ఆ యాప్ వెనుక ఉన్న లెక్కే. దాన్ని చదవాలంటే కంప్యూటర్ శాస్త్రం, ఒప్పంద చట్టం, నగర చరిత్ర మూడూ ఒకే బల్ల మీదికి రావాలి. హైదరాబాద్ రోడ్ల మీద రోజూ కనిపించే ఈ కుర్రాళ్లలో కొందరు డిగ్రీ చదువుతున్నవాళ్లే.