రిపోర్టులో ‘దొరకలేదు’ అని ఉంటే

మూడు నెలలకోసారి నెల్లూరు జిల్లా నుంచి పిన్ని మా ఇంటికి వస్తుంది. సూళ్లూరుపేట లోకల్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగుతుంది, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో తాంబరం బండి పట్టుకుంటుంది. మేముండేది శానటోరియం స్టేషన్‌కి దగ్గర్లోనే. ఆయాసానికి ఛాతీ ఆసుపత్రిలో చూపించుకుంటున్నానని అందరికీ చెప్పేది. తన కంచం, గ్లాసు తనే సంచిలో తెచ్చుకునేది. ఆచారమేమో అనుకున్నాం.

పోయినసారి రాత్రి భోజనాలయ్యాక ఒక కాగితం నా చేతిలో పెట్టింది. “ఇంగ్లీషులో ఏదో రాసుంది నాయనా. పరీక్ష ఫెయిలయిందా ఏంది?” అంది గొంతు తగ్గించి. అది రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు. అందులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని ఉంది. పన్నెండేళ్లుగా ఆమె తాంబరం వస్తున్నది హెచ్‌ఐవీ మందుల కోసం. (గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాయమన్నాకే రాస్తున్నాను.)

‘వెతికితే వైరస్ దొరకలేదు’ అని దాని అర్థం. అంత మంచి మాట చూసి ఆమె భయపడిందంటే, దాన్ని ఆమె దాకా చేర్చడంలో మనం ఎక్కడో తప్పామనే నాకు అనిపించింది.

మన దేశంలో ఈ వైరస్ మొదట దొరికింది 1986లో, ఈ ఊళ్లోనే. మద్రాసు వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్, తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు థీసిస్ కోసం దాన్ని వెతికే పని అప్పగించారు. అది విదేశాల జబ్బు, మనకెందుకు వస్తుందని చదువుకున్నవాళ్లే అనుకుంటున్న రోజులవి. నిర్మల సెక్స్ వర్కర్ల దగ్గర రక్తం నమూనాలు సేకరించి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచారు. ఆ పరీక్ష చేసే వసతి మద్రాసులో లేక, ఐస్ డబ్బాలో పెట్టుకుని రైల్లో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆరు నమూనాలు పాజిటివ్ వచ్చాయి. ఆ తర్వాత సునీతి గారు 1993లో ఇక్కడే వైఆర్‌జీ కేర్ అనే సంస్థ స్థాపించి, 2015లో కన్నుమూసేదాకా ఈ రోగుల మధ్యే ఉన్నారు.

ఇంతకీ ‘దొరకలేదు’ అంటే వైరస్ పోయిందనా? కాదు. హెచ్‌ఐవీ మన రక్షణ వ్యవస్థలోని సీడీ4 కణంలోకి దూరుతుంది. తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏ భాషలోకి తిరగరాసుకుని, ఆ రాతని ఆ కణం జన్యువుల మధ్యలో ఇరికించేస్తుంది. ఇక ఆ కణమే వైరస్‌కి వేలకొద్దీ నకళ్లు తీసి పెడుతుంది. పిన్ని రాత్రిపూట వేసుకునే ఒక్క మాత్రలో మూడు మందులున్నాయి. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ తిరగరాతను ఆపుతాయి, డోలుటెగ్రావిర్ ఇరికించడాన్ని ఆపుతుంది. అలా కొత్త కణాలకు సోకడం ఆగిపోయి, రక్తంలో వైరస్ యంత్రానికి అందనంత తగ్గిపోతుంది. కానీ ముందే వైరస్ రాత చేరిన కొన్ని కణాలు నిద్రపోతున్నట్టు ఉండిపోతాయి. మందు వాటిని ఏమీ చేయలేదు. మానేస్తే మామూలుగా కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. జీవితాంతం వేసుకోవాలని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇక ఆమెకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. రక్తంలో వైరస్ దొరకని స్థితి నిలకడగా ఉన్న మనిషి నుంచి లైంగికంగా మరొకరికి హెచ్‌ఐవీ సోకదు. ఇది ధైర్యం చెప్పడానికి అనే మాట కాదు. భార్యాభర్తల్లాంటి 1,763 జంటలతో తొమ్మిది దేశాల్లో ఒక పెద్ద అధ్యయనం చేశారు. ప్రతి జంటలో ఒకరికే హెచ్‌ఐవీ ఉంది. చెన్నై, పుణె జంటలు కూడా అందులో ఉన్నాయి. మందు వెంటనే మొదలుపెట్టిన జంటల్లో భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత ఐరోపాలో చేసిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, వైరస్ అదుపులో ఉన్న మనిషి నుంచి కండోమ్ లేకపోయినా ఒక్క భాగస్వామికీ సోకలేదు. ఇక కంచం, గ్లాసు, ముద్దు, ఒకే బాత్‌రూమ్ అంటారా, వాటివల్ల మందు లేనివాళ్ల నుంచి కూడా రాదు. పన్నెండేళ్లు ఆ స్టీలు కంచం మోసుకొచ్చింది ఆవిడ!

ప్రపంచం మొత్తం చూస్తే 2024 చివరికి 4.08 కోట్ల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనా. 3.16 కోట్ల మందికి మందులు అందుతున్నాయి. 2004లో ఏడాదికి సుమారు 21 లక్షలున్న మరణాలు 6.3 లక్షలకు తగ్గాయి. మనసుకు ఊరటనిచ్చే అంకెలే. కానీ 2024లోనే కొత్తగా 13 లక్షల మందికి సోకింది, 92 లక్షల మందికి ఇంకా మందు లేదు. ఇంతలో 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా నిలిపేసింది. ఆఫ్రికాలో ఆ డబ్బుతో నడిచే ఎన్నో క్లినిక్‌లు మూతపడ్డాయి. మందు ఆగితే వైరస్ ఎంత త్వరగా లేస్తుందో తెలిసినవాళ్లకి ఆ వార్త చదివితే కడుపులో దేవినట్టుంటుంది. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వమే ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. మొదట మొదలైన కొద్దిపాటి కేంద్రాల్లో తాంబరం ఒకటి.

మంచి వార్త కూడా ఒకటుంది, పైగా మన హైదరాబాద్‌తో ముడిపడింది. హెచ్‌ఐవీ లేనివాళ్లకు సోకకుండా ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకపవిర్ ఇంజెక్షన్ వచ్చింది. ఆఫ్రికాలో చేసిన ట్రయల్‌లో దాన్ని తీసుకున్న రెండు వేల పైచిలుకు యువతుల్లో ఒక్కరికీ సోకలేదు. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్లకే ఇచ్చేలా డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఒప్పందాలు చేసుకున్నాయి.

ఈ మందులు నెల్లూరులోనే ఉచితంగా ఇస్తారు కదా, ఇంత దూరం ఎందుకు పిన్నీ అని అడిగాను. “అక్కడ క్యూలో మా ఊరోళ్లు కనపడతారు నాయనా” అంది. వివక్ష చూపకూడదని 2017లో చట్టం వచ్చింది. ఆ క్యూలో నిలబడే ధైర్యం మాత్రం ఆమెకు ఇంకా రాలేదు.

రిపోర్టులో ఉన్నదాన్ని తెలుగులో రాసివ్వమంది. ‘వెతికితే వైరస్ దొరకలేదు. మందు ఇలాగే వేసుకుంటూ ఉండు. కలిసి తిన్నా, కలిసి ఉన్నా నీ నుంచి ఎవరికీ రాదు’ అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని, మడిచి, మందుల పుస్తకంలో పెట్టుకుంది. కొడుక్కి, కోడలికి చూపిస్తానంది. ఆ ఇంట్లో ఎనిమిది నెలల మనవరాలుంది. పుట్టినప్పటి నుంచి పిన్ని ఆ పిల్లను ఎత్తుకోలేదు.