గర్భసంచి పెద్దగా ఉందంటే జబ్బేనా? స్కానింగ్ నేర్చుకునేవాళ్లకు కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో స్కానింగ్ గదిలో కూర్చుంటే రోజూ చెవిన పడే మాట ఒకటుంది. "గర్భసంచి వాసిందంట మేడమ్, తీసేయాలంట." పలమనేరు నుంచి వచ్చినా, పీలేరు నుంచి వచ్చినా, నగరి, సత్యవేడు నుంచి వచ్చినా ఇదే మాట. చేతిలో పాత రిపోర్టు ఉంటుంది, దాని చివర్లో "బల్కీ యూటరస్", అంటే పెద్దగా ఉన్న గర్భసంచి, అని రెండు ముక్కలు ఉంటాయి. ఎందుకు బల్కీ, దేనితో పోల్చి బల్కీ, ఆ ఊసే ఉండదు. మా పీజీ పిల్లలకు, ఆరు నెలల అల్ట్రాసౌండ్ శిక్షణకు వచ్చే డాక్టర్లకు చెప్పీ చెప్పీ గొంతు నొప్పి పుట్టింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. ఫండస్, సెర్విక్స్, ఎండోమెట్రియం అంటే ఏంటో తెలుసనుకునే మొదలుపెడుతున్నా.

అపోహ: గర్భసంచి కొలత ఎక్కువ వచ్చిందంటే అది వాపు. తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది.

వాస్తవం: ముందు కొలతల సంగతి. పిల్లలు పుట్టనివాళ్లలో గర్భాశయం పొడవు సుమారు 7 నుంచి 8 సెంటీమీటర్లు, వెడల్పు 4 నుంచి 5, మందం 3 నుంచి 4. కాన్పు అయ్యాక అది కుంచించుకుంటుంది కానీ పెళ్లికి ముందున్న సైజుకు పూర్తిగా రాదు. ప్రతి కొలతలోనూ ఒక సెంటీమీటరు దాకా మిగిలిపోతుంది. రెండు మూడు కాన్పులైన మనిషికి పొడవు 9, 9.5, ఒక్కోసారి 10 కూడా ఉంటుంది. గోడలు ముందూ వెనకా ఒకే మందంలో, ఒకే తీరుగా ఉండి, ఎండోమెట్రియం గీత మధ్యలో తిన్నగా కనిపిస్తుంటే అక్కడ జబ్బేమీ లేదు, ఆమె పిల్లల తల్లి, అంతే. నెలసరి ఆగిపోయాక అదే గర్భాశయం తనంతట తానే చిన్నదవుతుంది. ఇవేవీ చూడకుండా పంతొమ్మిదేళ్ల అమ్మాయికీ, ముగ్గురిని కన్న ముప్పై ఎనిమిదేళ్ల తల్లికీ ఒకే పట్టిక పెట్టుకుని రిపోర్టు రాస్తే సగం మంది తల్లులు రోగులైపోతారు. కాబట్టి ప్రోబ్ చేతిలోకి తీసుకునే ముందు అడగండి: వయసెంత, కాన్పులెన్ని, సిజేరియనా, చివరి నెలసరి ఎప్పుడు. ఈ నాలుగూ తెలియకుండా తీసిన కొలత ఉత్త అంకె.

ఇక కొలిచే పద్ధతి. ఎండోమెట్రియం గీత సెర్వికల్ కెనాల్‌తో కలిసి ఒకే వరుసలో కనిపించే మిడ్ శాజిటల్ సెక్షన్ (నిలువుగా సరిగ్గా మధ్యలో కోసినట్టు కనిపించే బొమ్మ) దొరికేదాకా ఫ్రీజ్ నొక్కొద్దు. ఫండస్ పై అంచు నుంచి ఎక్స్‌టర్నల్ ఆస్ (సెర్విక్స్ బయటి ద్వారం) దాకా పొడవు, దానికి లంబంగా బాగా మందంగా ఉన్నచోట ఏపీ (ముందు నుంచి వెనక్కి మందం), తర్వాత ప్రోబ్‌ను 90 డిగ్రీలు తిప్పి వెడల్పు. చదవడానికి తేలికే. అయితే గర్భాశయం మెడ దగ్గర వంగి ఉంటే చాలామంది ఈ చివర నుంచి ఆ చివరకు గాల్లో తిన్నగా గీత గీసేస్తారు. అది తప్పు, బాడీ వేరుగా, సెర్విక్స్ వేరుగా కొలిచి కలపాలి. సెక్షన్ కొంచెం ఏటవాలుగా పడినా ఏపీ పెరిగిపోతుంది. మూత్రం మరీ ఎక్కువ నిండితే గర్భాశయం దాని కింద నలిగి పొడవుగా, చదునుగా కనబడుతుంది. పైగా కొందరు సెర్విక్స్‌ను కలిపి కొలుస్తారు, కొందరు వదిలేస్తారు. రెండు సెంటర్లలో తీసిన రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని "రెండు నెలల్లో రెండు సెంటీమీటర్లు పెరిగింది" అని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు వాళ్ల మీద జాలి, రిపోర్టు రాసినవాళ్ల మీద కోపం రెండూ వస్తాయి.

సిజేరియన్ అయినవాళ్ల సంగతి ఇంకా చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లే, అంటే మీ టేబుల్ మీదకు వచ్చే తల్లుల్లో చాలామందికి ఆ కుట్టు ఉంటుంది. కొందరిలో గర్భాశయం ముందు గోడ ఆ కుట్టు దగ్గర పొట్టగోడకు అతుక్కుని పైకి లాక్కుపోతుంది, సెర్విక్స్ సాగి పొడుగ్గా కనబడుతుంది. దాన్నీ కలిపి కొలిస్తే 11 కూడా వస్తుంది. అక్కడ రాయాల్సింది అతుకు ఉందని. ముందుముందు ఏ ఆపరేషన్ చేసే డాక్టరుకైనా నిజంగా పనికొచ్చే సంగతి అదే.

మరి నిజంగా పెరగడం ఉండదా అంటే, ఉంటుంది. ఫైబ్రాయిడ్ (గర్భాశయం కండలో పెరిగే గడ్డ) ఉంటే అంచు స్పష్టంగా గుండ్రంగా ఉంటుంది, పక్కల నీడ పడుతుంది, డాప్లర్ పెడితే రక్తనాళాలు చుట్టూ తిరుగుతాయి. అడినోమయోసిస్ (లోపలి పొర గోడ కండలోకి చొచ్చుకుపోవడం) అయితే ఒక గోడ మందం, ఇంకో గోడ పలుచన, గోడలో చిన్న చిన్న సిస్టులు, విసనకర్ర మడతల్లా విచ్చుకునే నీడలు, జంక్షనల్ జోన్ (లోపలి పొరకూ కండకూ మధ్య పట్టీ) చెదిరిపోయి ఉంటుంది. వీటిలో ఏది కనబడితే అది పేరు పెట్టి రాయండి, సైజు రాయండి, ఏ గోడలో ఉందో రాయండి. ఏమీ కనబడకపోతే "రెండు కాన్పులైన మహిళకు సహజమైన కొలత" అని రాయండి. రిపోర్టు చివరి ఇంప్రెషన్‌లో బల్కీ అని ఊరికే పడేసి చేతులు దులుపుకోవద్దు.

ఇక క్యాన్సర్ భయం. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌ను ముందుగా పట్టేది పొట్ట మీద స్కాన్ కాదు, పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష. "పుండు ఉండాదంట" అని చెప్పుకుంటారే, అది చాలాసార్లు సెర్విక్స్ లోపలి పొర కొంచెం బయటికి కనబడటమే, అది మన స్కాన్‌లో కనిపించను కూడా కనిపించదు. స్కాన్ నిజంగా సాయం చేసేది నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడినప్పుడు. అప్పుడు ఎండోమెట్రియం 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ, ఎక్కువ ఉంటే బయాప్సీ కావాలి. అలా రక్తం కనబడినవాళ్లు, కలయిక తర్వాత రక్తం పడేవాళ్లు మాత్రం ఇది చదివి ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పోయిన మామిడి సీజన్‌లో పలమనేరు వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై నాలుగేళ్లు, ముగ్గురు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది, గుజ్జు ఫ్యాక్టరీలో పని. చీరల షాపు కవరులో రిపోర్టులు, మాత్రల చీటీలు, ఆధార్ జిరాక్స్ అన్నీ కలిపి చుట్టి పెట్టుకుంది. వాళ్ల వైపు ఒక ఆస్పత్రిలో బడులు తెరిచేలోపు ఆపరేషన్ చేయించుకోమన్నారట, డ్వాక్రా సంఘంలో అప్పు కూడా అడిగి పెట్టుకున్నారు. బాధ ఏంటమ్మా అంటే నడుము నొప్పి, తెల్లబట్ట. నెలసరి? "అది బాగానే వస్తాది మేడమ్, మూడు దినాలు." పాత రిపోర్టులో 9.6, 5.4, 4.6, కింద బల్కీ. నేను చూస్తే కొలతలు దాదాపు అవే, గోడలు శుభ్రంగా ఉన్నాయి, నెలసరి అయి ఇరవై రెండో రోజు కాబట్టి ఎండోమెట్రియం 11 మిల్లీమీటర్లు, అదీ ఆ రోజుకు ఉండాల్సిందే. జెల్ తుడుచుకుంటూ ఆమె అడిగింది, "అయితే పీకేయకపోతే క్యాన్సర్ రాదా?" రాదమ్మా, అని చెప్తే నా మొహం వైపు కాదు, మిషన్ వైపు చూసింది, అది కూడా చెప్పాలన్నట్టు. ఆమెను ప్రసూతి ఆస్పత్రిలో గైనకాలజిస్టు దగ్గరికి పంపాను, తెల్లబట్టకు మందులిచ్చారు, పాప్ స్మియర్ తీశారు. ఆ మనిషికి కావాల్సింది అదే.

"పిల్లలు చాలు కదా, తీసేస్తే పీడా పోతుంది" అనే మాట ఇంట్లోవాళ్లూ అంటారు, కొందరు ఆర్‌ఎంపీలూ అంటారు. ఇక్కడ మళ్లీ అనాటమీయే జవాబు. అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది, ఒకటి అయోర్టా నుంచి నేరుగా వచ్చే ఒవేరియన్ ఆర్టరీ, రెండోది గర్భాశయ ధమని కొమ్మ. గర్భాశయం తీసినప్పుడు ఆ రెండో దారి మూసేస్తారు. అందుకే అండాశయాలు వదిలిపెట్టినా కొందరిలో మెనోపాజ్ ముందే వచ్చేస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై నాలుగేళ్లకే వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు. మూత్రనాళం సెర్విక్స్ పక్కన, గర్భాశయ ధమని కిందుగా పోతుంది, ఆపరేషన్‌లో దానికి దెబ్బ తగిలే ప్రమాదం వేరే. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భాశయం తీసేశారు, దేశం మొత్తం మీద చూస్తే అది 3 శాతం పైచిలుకే. మన ఆడవాళ్ల గర్భాశయాలకు మాత్రమే ప్రత్యేకంగా ఏదో రోగం ఉందని నేను నమ్మను. ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్లు ఉంటారు, రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ ఆరుకు పడి, మందులకూ హార్మోన్ లూప్‌కూ (గర్భాశయంలో పెట్టే హార్మోన్ పరికరం) లొంగనివాళ్లు ఉంటారు, వాళ్లను ఆపమని నేను అనడం లేదు. సెంటీమీటర్లు చూసి కోయొద్దంటున్నా.

ఇదే వరుసలో మన ఊరి సంగతి ఇంకొకటి. కొండకు పోవాలని నెలసరి వాయిదా మాత్రలు వేసుకుని వచ్చేవాళ్లు బోలెడుమంది. దర్శనం అయ్యాక మాత్రలు ఆపేస్తారు, రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది, కొందరికి మామూలు కంటే ఎక్కువ అవుతుంది, భయపడి స్కాన్‌కు వస్తారు. చూసేవాళ్లు మాత్రల సంగతి అడగరు, ఎండోమెట్రియం మందంగా ఉందని రాసేస్తారు. అడగండి. అత్తగారి ముందు చెప్పకపోవచ్చు, ఆమెను బయట కూర్చోబెట్టి అడగండి.

మిగతావి గబగబా.

అపోహ: అండాశయంలో నీటి బుడగలు ఉంటే పిల్లలు పుట్టరు. అవి బుడగలు కావు, అండం పెరిగే ఫాలికిల్స్, ప్రతి ఆరోగ్యమైన అండాశయంలోనూ ఉంటాయి. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) తేల్చే 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాల్లో ఒక అండాశయంలో 12 ఉంటే చాలన్నారు, మిషన్లు మెరుగుపడి చిన్నవి కూడా కనబడటం మొదలయ్యాక 2018 మార్గదర్శకాల్లో దాన్ని 20కి పెంచారు. అదీ ట్రాన్స్‌వెజైనల్‌లో (యోని లోపలి నుంచి చేసే స్కాన్), మంచి ప్రోబ్‌తో. రజస్వల అయిన ఎనిమిదేళ్లలోపు అమ్మాయిలకు స్కాన్ చూసి పీసీఓఎస్ అనొద్దని కూడా చెప్పారు. ఇంటర్ చదివే పిల్లకు రిపోర్టులో ఆ ముక్క రాస్తే వాళ్లమ్మకు ఆ రోజు నుంచే పెళ్లి టెన్షన్. అన్నట్టు, 3 సెంటీమీటర్లలోపు పలుచటి గోడ, శుభ్రమైన నీరు ఉన్నది కనబడితే నెలసరి వచ్చే వయసులో అది ఫాలికిలే, దాన్ని సిస్ట్ అని రాయొద్దు.

అపోహ: గర్భసంచి వెనక్కి తిరిగింది, అందుకే గర్భం నిలవడం లేదు. అయిదుగురిలో ఒకరికి అలాగే ఉంటుంది, హాయిగా కంటున్నారు. వెనక్కి ఉండి కదలకుండా అతుక్కుపోయి ఉంటే మాత్రం ఎండోమెట్రియోసిస్ (లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరగడం) కోసం చూడండి.

అపోహ: స్కాన్‌లో ట్యూబులు (అండవాహికలు) బాగున్నాయన్నారు. మామూలు ట్యూబు మామూలు స్కాన్‌లో కనబడదు. కనబడిందంటేనే అందులో నీరో చీమో చేరిందని అనుమానించాలి. తెరుచుకుని ఉన్నాయో లేదో తెలియాలంటే హెచ్‌ఎస్‌జీ (గర్భాశయంలోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) లాంటి పరీక్ష కావాలి.

అపోహ: గర్భసంచి వెనక నీరు ఉంటే ఇన్ఫెక్షన్. అండం విడుదలయ్యాక డగ్లస్ పౌచ్‌లో (గర్భాశయం వెనక ఉండే ఖాళీ) కొంచెం నీరు మామూలే. జ్వరం, నొప్పి ఉన్నాయేమో అడగండి, లేకపోతే వదిలేయండి.

అపోహ: అండాశయం గర్భసంచి పక్కనే అతికించినట్టు ఉంటుంది. పరీక్ష పుస్తకంలో బొమ్మ అలా ఉంటుంది. మీరు కటి గోడ పక్కన పోయే ఇలియాక్ రక్తనాళాలు పట్టుకుని వెతకండి, వాటి మధ్య గుంటలో ఎక్కువసార్లు దొరుకుతుంది. కాన్పుల తర్వాత ఇంకొంచెం అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. పేగుల్లో గ్యాస్ వల్ల కనబడకపోతే "కనబడలేదు" అని రాయడంలో నామోషీ ఏమీ లేదు, కనబడనిదాన్ని "నార్మల్" అని రాయడమే తప్పు.

అపోహ: మూత్రం ఎంత ఆపుకుంటే స్కాన్ అంత బాగా వస్తుంది. ఫండస్ కప్పేంత నిండితే చాలు. వరండాలో కాళ్లు ముడుచుకుని చెమటలు కక్కుతున్న ఆమెను "ఇంకొక లీటరు తాగమ్మా" అనొద్దు, ఇందాక చెప్పినట్టు కొలతలే తప్పిపోతాయి. బాత్రూమ్‌కు పంపేయండి. సగం పోసి ఆపుకుని రమ్మని కూడా చెప్పొద్దు, అది ఎవరి వల్లా కాదు. వచ్చాక రెండు గ్లాసులు తాగిస్తే, పక్కన ఇద్దరికి స్కాన్ అయ్యేలోపు మళ్లీ నిండుతుంది.