పొజిషన్‌కో పందెం: ఇంగ్లిష్ ఫుట్‌బాల్ జెర్సీ మీదికి బెట్టింగ్ ఎలా ఎక్కింది

2023 ఏప్రిల్ 13న ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోని 20 క్లబ్బులు ఒక మాట మీదికి వచ్చాయి. 2025-26 సీజన్ అయిపోయాక మ్యాచ్ జెర్సీల ఛాతీ మీద బెట్టింగ్ కంపెనీల పేర్లు ఉండవు. చేతి మీద ఉండొచ్చు. మైదానం చుట్టూ వెలిగే బోర్డుల మీదా ఉండొచ్చు. సర్కారు చట్టం తేకముందే క్లబ్బులు తమకు తాముగా తీసుకున్న నిర్ణయం ఇది, కాబట్టి గడువు కూడా వాళ్లకు నచ్చినంత పెట్టుకున్నారు. ఆ గడువు నడుస్తుండగానే, 2024-25లో, 20 క్లబ్బుల్లో 11 క్లబ్బుల ఛాతీ మీద బెట్టింగ్ పేర్లే కనిపించాయి.

శనివారం రాత్రి ఈ మ్యాచ్‌లు మా ఇంట్లోనూ నడుస్తాయి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మొన్నొక రాత్రి ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, "మామా, చూస్తుండు, ఆ లెఫ్ట్ బ్యాక్‌కి ఇవాళ ఎల్లో కార్డు ఖాయం. ఎదురుగా ఉన్న వింగర్ లోపలికి దూసుకొస్తున్నాడు, వీడికి కవర్ ఇచ్చేవాడు లేడు" అన్నాడు. అన్నట్టే అరగంటకు కార్డు పడింది. ఆటను ఇంత బాగా చదవడం ఎక్కడ నేర్చుకున్నావురా అంటే ఫోన్ నా చేతికిచ్చాడు. ఏ ఆటగాడు ఎన్ని ఫౌళ్లు చేస్తాడో, ఎన్ని షాట్లు కొడతాడో, ఎవరికి కార్డు పడే అవకాశం ఎంతో వరసగా ఉన్నాయి. ఆ పేజీ ఒక బెట్టింగ్ కంపెనీది. వాడు పందెం కాయలేదు. కానీ వాడికి ఆట నేర్పిన పంతులు మాత్రం పందెం వ్యాపారే.

ఆ రాత్రి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే. బెట్టింగ్ ఛాతీ మీది బొమ్మ మాత్రమే అయితే ఒక సీజన్‌లో చెరిపేయొచ్చు. ఆటను అర్థం చేసుకునే పద్ధతిలోకే అది దిగిపోతే ఏం చేస్తాం? అంతదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి.

1915 ఏప్రిల్ 2, గుడ్‌ఫ్రైడే. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో లివర్‌పూల్‌ను ఓడించింది. ఆ స్కోరు మీద ఒకటికి ఏడు రేటు చొప్పున ముందే పందాలు పడ్డాయి. యుద్ధం వచ్చిపడింది, సీజన్ తర్వాత లీగ్ ఆగిపోతుంది, ఆటగాళ్ల జీతాలు ఆగిపోతాయి. ఆ భయంలో రెండు జట్ల ఆటగాళ్లూ కూడబలుక్కున్నారు. ఏడుగురి మీద జీవితకాల నిషేధం పడింది, నలుగురు లివర్‌పూల్ వాళ్లు, ముగ్గురు యునైటెడ్ వాళ్లు. వాళ్లలో శాండీ టర్న్‌బుల్ 1917లో యుద్ధంలోనే చనిపోయాడు. ఈనక్ వెస్ట్ తాను తప్పు చేయలేదని చెబుతూనే వచ్చాడు. అతని నిషేధం ఎత్తేసింది 1945లో.

ఈ కథకు మైదానం బయట ఇంకో కొస ఉంది. 1923లో జాన్ మూర్స్ అనే యువకుడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఓల్డ్ ట్రాఫర్డ్ బయట 4,000 కూపన్లు పంచాడు. ఈ వారం మ్యాచ్‌ల ఫలితాలు ఊహించి, కాస్త డబ్బు జతచేసి పంపండి, సరిగ్గా చెప్పినవాళ్లకు పోగైన సొమ్ము పంచుతాం అన్నది పథకం. తిరిగొచ్చినవి 35 కూపన్లు. అదే లిటిల్‌వుడ్స్ ఫుట్‌బాల్ పూల్స్. పదేళ్లు తిరిగేసరికి అది ఇంగ్లండ్ ఇళ్లలో వారం వారం జరిగే తంతు అయిపోయింది. ఫుట్‌బాల్ లీగ్ పెద్దలకు అది గిట్టలేదు. 1936లో మ్యాచ్‌ల జాబితా ముందుగా బయటికి చెప్పకుండా దాచి పూల్స్‌ను దెబ్బతీయాలని చూశారు. ఎవరు ఎవరితో ఆడుతున్నారో చూసే జనానికే తెలియకపోతే స్టేడియం నిండుతుందా? కొన్ని వారాలకే చేతులెత్తేశారు.

1959లో లీగ్ దారి మార్చింది. మ్యాచ్‌ల జాబితా మా కాపీరైట్ అని కోర్టుకెక్కి గెలిచింది. అప్పటి నుంచి పూల్స్ కంపెనీలు లీగ్‌కు ఏటా రాయల్టీ కట్టాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. జెర్సీ మీద పేరు ఎక్కడానికి నలభై ఏళ్ల ముందే పందెం డబ్బు ఆట ఖజానాలోకి దర్జాగా నడిచొచ్చింది. 1963 చలికాలంలో మంచు గడ్డకట్టి మ్యాచ్‌లు వరసగా వాయిదా పడితే, మాజీ ఆటగాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి, జరగని మ్యాచ్‌ల ఫలితాలను వాళ్ల చేత ప్రకటింపజేశారు. ఆట జరగకపోయినా పందెం ఆగకూడదు! న్యాయంగా చెప్పాలంటే పూల్స్ వల్ల మేలూ జరిగింది. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో ప్రేక్షకులు చనిపోయిన దుర్ఘటన తర్వాత స్టేడియాల్లో కుర్చీలు వేయడానికి పూల్స్ పన్ను తగ్గింపు ద్వారా వచ్చిన సొమ్మే కొంత ఆదుకుంది.

పూల్స్‌లో పందెం ఫలితం మీద మాత్రమే. ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారన్నది కాసేవాడికి పట్టదు. అమ్ముడుపోయేవాడికి మాత్రం అదే ముఖ్యమని 1962లో తేలింది.

ఇక్కడ వ్యూహం సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1925 దాకా ఆఫ్‌సైడ్ కాకుండా ఉండాలంటే ఫార్వర్డ్‌కీ గోల్ లైనుకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఆ ఏడాది దాన్ని ఇద్దరికి తగ్గించారు. గోల్స్ వరదలా వచ్చాయి. దానికి విరుగుడుగా ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను నడిమధ్య నుంచి వెనక్కి లాగి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్య కాపలా పెట్టాడు. డబ్ల్యూ-ఎం అనే అమరిక అలా కుదిరింది. సెంటర్ హాఫ్ స్టాపర్ అయ్యాడు, వింగ్ హాఫ్ మధ్య మైదానానికి ఊపిరి అయ్యాడు, సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడ్డాడు. జట్టుకు ఈ మూడే వెన్నెముక.

1962 డిసెంబర్ 1న ఇప్స్‌విచ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే 0-2తో ఓడింది. స్టాపర్ పీటర్ స్వాన్, లెఫ్ట్ హాఫ్ (ఎడమవైపు వింగ్ హాఫ్) టోనీ కే, సెంటర్ ఫార్వర్డ్ డేవిడ్ లేన్, ముగ్గురూ తమ జట్టు ఓటమి మీద తలా 50 పౌండ్లు కాశారు. తలా 100 పౌండ్లు వచ్చాయి. వెన్నెముక మొత్తం అమ్ముడుపోయిన మ్యాచ్ అది. అయినా చూసినవాళ్లకు ఏమీ తెలియలేదు. ఆ రోజు ఆటలో మేటి కే అని 'ది పీపుల్' పత్రిక రాసింది, 1964లో ఈ గుట్టు రట్టు చేసింది కూడా ఆ పత్రికే. 1965లో ముగ్గురికీ నాలుగేసి నెలల జైలు, ఆపైన జీవితకాల నిషేధం. ఈలోగా కే ఎవర్టన్‌కు మారి లీగ్ గెలిచాడు, ఇంగ్లండ్‌కు ఆడాడు. ఎవర్టన్ చైర్మన్ ఎవరో తెలుసా? ఓల్డ్ ట్రాఫర్డ్ బయట కూపన్లు పంచిన జాన్ మూర్స్. ఆయన పందాల వ్యాపారం చట్టబద్ధం. కే కాసిన పందెం నేరం. రెండింటికీ ముడిసరుకు ఒకే ఆట.

పొజిషన్ అన్న మాట నా మనసుకు పట్టింది వేరే దారిలో. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పెద్దలు రహీం సాబ్ సంగతులు చెబుతుంటే విని పెరిగినవాణ్ని. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబెడితే ప్రమాదం, బయట కూర్చోబెడితే నష్టం. రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. ఆ కుట్ల తలతోనే జర్నైల్ సెమీస్‌లో, దక్షిణ కొరియాతో ఫైనల్లో గోల్స్ కొట్టాడు. 2-1తో స్వర్ణం మనది. ఒక మనిషి మీద కోచ్ పెట్టుకున్న నమ్మకమే అక్కడ పొజిషన్. మా మేనల్లుడి ఫోన్‌లో అది ఒక రేటు.

ఆ మార్పు ఇంటర్నెట్‌కు ముందే మొదలైంది. మ్యాచ్ ఫలితం అక్కర్లేదు, మ్యాచ్‌లో జరిగే చిన్న చిన్న పనుల మీదా కాయొచ్చనే స్ప్రెడ్ బెట్టింగ్ 1990ల్లో ఊపందుకుంది. 1995లో వింబుల్డన్‌తో మ్యాచ్‌లో సౌతాంప్టన్ ఆటగాడు మ్యాట్ లె టిసియే తొలి త్రో-ఇన్ ఎప్పుడు పడుతుందన్న దాని మీద స్నేహితులతో కలిసి పందెం పెట్టాడు. కిక్-ఆఫ్ అవగానే బంతిని పక్క లైను దాటించాలి. టీవీలో లైవ్ వస్తోంది, మరీ తెలిసిపోతుందేమోనని మెల్లగా తన్నాడు. సంగతి తెలియని సహచరుడు నీల్ షిపర్లీ పాపం బంతి లైను దాటకుండా ఆపేశాడు. ఇక బంతిని ఎలాగైనా బయటికి తన్నాలని లె టిసియే మైదానమంతా పరిగెత్తాడు. అది బయటికి పోయేసరికి డెబ్బై సెకన్లు. లాభం లేదు, నష్టం లేదు. ఇదంతా 2009లో అతనే చెప్పుకున్నాడు. మ్యాచ్ గెలుపోటములకు వీసమెత్తు నష్టం లేదు. కానీ ఆ డెబ్బై సెకన్లూ మైదానంలో ఒక మనిషి తన జట్టు కోసం ఆడలేదు.

తర్వాతిది వేగంగా జరిగింది. 2002లో ఫుల్హామ్ జెర్సీ మీద బెట్‌ఫేర్ పేరు పడింది, ప్రీమియర్ లీగ్‌లో అలాంటిది అదే మొదలు. 2005 జూద చట్టం 2007 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చి టీవీ ప్రకటనలకు తలుపులు బార్లా తెరిచింది. స్టోక్ నగరంలో పుట్టిన బెట్365 అదే ఊరి క్లబ్‌ను చేతిలో పెట్టుకుని, 2016లో స్టేడియానికి తన పేరే పెట్టుకుంది. ఫోన్ వచ్చాక ఆట నడుస్తుండగానే కార్నర్ మీద, కార్డు మీద, తర్వాతి గోల్ ఎవరిదన్న దాని మీద పందెం. పదకొండు పొజిషన్లూ పదకొండు దుకాణాలయ్యాయి.

అంతకన్నా లోతైన మార్పు క్లబ్ ఆఫీసుల్లో జరిగింది. మ్యాచ్‌ను లెక్కగట్టే అలవాటుకు చార్ల్స్ రీప్ పాత గురువు. వైమానిక దళంలో లెక్కలు చూసిన ఆయన 1950 మార్చిలో స్విండన్ మైదానంలో పెన్సిల్, నోట్‌బుక్ తీసి ప్రతి దాడినీ గుర్తుపెట్టడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది బ్రెంట్‌ఫర్డ్ క్లబ్‌కు సలహాదారుగా పనిచేశాడు. అరవై ఏళ్ల తర్వాత అదే బ్రెంట్‌ఫర్డ్‌ను కొన్నది మాథ్యూ బెన్‌హమ్. ఆయన సంపాదన పందాల లెక్కల నుంచి వచ్చింది. ఏ షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంత, ఏ ఆటగాడికి సంతలో అసలు విలువకన్నా తక్కువ ధర పలుకుతోంది, ఫ్రీ కిక్ దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలి, ఇవన్నీ ఆ లెక్కల చూపుతోనే చూసి, చిన్న క్లబ్‌ను 2021లో ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్‌దీ ఇలాంటి దారే. ఈ క్లబ్బుల ఆట నాకు నిజంగా ఇష్టం. అందుకే ఈ సంగతి చెప్పక తప్పదు: నేటి వ్యూహంలో మనం మెచ్చుకునే తెలివిలో పెద్ద భాగం పందెం బల్ల మీద పుట్టింది.

2017లో ఈ వ్యవహారం ఎంత చిన్నదానికి దిగిందో అందరూ చూశారు. ఎఫ్ఏ కప్‌లో ఆర్సెనల్‌తో ఆడిన చిన్న క్లబ్ సట్టన్ యునైటెడ్ రిజర్వు గోల్‌కీపర్ వేన్ షా, బెంచి మీద కూర్చుని 'పై' అనే పేస్ట్రీ తిన్నాడు. అతను కెమెరా ముందు 'పై' తింటాడా అని సన్ బెట్స్ ఒకటికి ఎనిమిది రేటు పెట్టింది. ఆ మ్యాచ్‌కు సట్టన్ జెర్సీ స్పాన్సర్ కూడా సన్ బెట్సే. షా ఉద్యోగం పోయింది, జరిమానా పడింది. అదే ఏడాది పదేళ్లలో 1,260 పందాలు కాసినందుకు ఆటగాడు జోయీ బార్టన్‌ను 18 నెలలు నిషేధించారు, అప్పీలులో అది తగ్గింది. నిషేధించిన ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు అప్పటికి లాడ్‌బ్రోక్స్ అనే బెట్టింగ్ కంపెనీతో ఒప్పందం ఉంది. ఆ జూన్‌లో దాన్ని తెంచుకుంది. జెర్సీ అమ్ముకున్న క్లబ్బులకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు.

మిగతా దేశాలు ముందే కదిలాయి. ఇటలీ 2018లో ప్రకటనల మీద నిషేధం తెచ్చింది. స్పెయిన్‌లో 2021-22 నుంచి జెర్సీల మీద బెట్టింగ్ పేర్లు పోయాయి. అయినా 2023లో ఇటలీ ఆటగాడు సాండ్రో టోనాలిపై పందాలు కాసినందుకు 10 నెలల నిషేధం పడింది. ప్రకటన తీసేసినంత మాత్రాన ఫోన్ ఖాళీ కాదు.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. డ్రీమ్11 తప్పుకుంది, సెప్టెంబర్‌లో ఆసియా కప్ ఆడిన భారత క్రికెట్ జట్టు జెర్సీ మీద స్పాన్సర్ పేరు లేదు. కానీ 2025-26 సీజన్‌లోనూ శనివారం రాత్రి ఇంగ్లండ్ మ్యాచ్ పెడితే ఛాతీల మీద ఆ పేర్లే కనిపించాయి. వాటిలో చాలావాటికి ఇంగ్లండ్‌లో గిరాకీతో పనే లేదు, ఆసియాలోని మనలాంటి కళ్ల కోసమే ఆ అక్షరాలు. వాటిలో కొన్నింటికి ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని టీజీపీ యూరప్ అనే సంస్థ లైసెన్సే ఆధారంగా ఉండేది. 2025 మేలో బ్రిటన్ జూద కమిషన్ దానికి 33 లక్షల పౌండ్ల జరిమానా వేస్తే, లైసెన్సు వదిలేసి వెళ్లిపోయింది.

ఇక ఐవన్ టోనీ. అప్పట్లో బ్రెంట్‌ఫర్డ్ సెంటర్ ఫార్వర్డ్. 2017 నుంచి 2021 మధ్య బెట్టింగ్ నియమాలను 232 సార్లు ఉల్లంఘించాడని 2023 మేలో తేల్చి ఎనిమిది నెలలు ఆటకు దూరం పెట్టారు. తన క్లబ్ ఓడిపోతుందని 13 పందాలు కాశాడు, ఆ మ్యాచ్‌లలో వేటిలోనూ అతను జట్టులో లేడు. తాను గోల్ కొడతానని తన మీద తానే కాసుకున్న పందాలూ ఉన్నాయి. అతనిది జూద వ్యసనమని నిపుణుడు చెప్పాడు, శిక్ష కొంత తగ్గింది అందుకే.

2024 జనవరి 20న అతను తిరిగొచ్చాడు. ప్రత్యర్థి నాటింగ్‌హామ్ ఫారెస్ట్, 19వ నిమిషం, బాక్స్ బయట ఫ్రీ కిక్. రిఫరీ గీసిన తెల్ల నురగను వేళ్లతో కాస్త జరిపి, బంతిని పక్కకు పెట్టుకుని, ప్రత్యర్థి ఆటగాళ్లు కట్టిన గోడ పక్కనుంచి వలలోకి కొట్టాడు. బ్రెంట్‌ఫర్డ్ మైదానం హోరెత్తింది. అతను చేతులు చాచి జనం వైపు తిరిగాడు. ఎర్ర తెల్ల చారల జెర్సీ ఛాతీ మీద హాలీవుడ్‌బెట్స్ అని ఉంది.