వారంటీ దాటాక ఫోన్ పాడైతే డబ్బు ఎవరు పెట్టాలి?

నల్లగొండ ప్రకాశం బజారులో ఏ మొబైల్ షాపు ముందు నిలబడ్డా ఈ మధ్య ఒకటే పంచాయితీ. రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటే పొద్దున ఫోన్ లేవలేదు. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. బిల్లు తీసి చూస్తే ఏడాది దాటి నెలో రెండు నెలలో.

మా తమ్ముడిదీ అదే కథ. 17,999 రూపాయలకు కొన్నాడు, పద్నాలుగో నెలలో డెడ్ అయింది. బోర్డు మార్చాలి, 11,400 అవుతుందన్నారు సర్వీస్ సెంటర్లో. పద్దెనిమిది నెలల ఈఎంఐలో ఇంకా నాలుగు కట్టాలి. ఫోన్ అమ్మిన షాపాయన బాధపడుతూనే, "రెండు నెలల ముందు తెస్తే నేనే పంపిచ్చి చేపిస్తుంటి తమ్మీ, ఇప్పుడు నా చేతుల ఏముంది?" అన్నాడు.

వారంటీ కార్డు సంగతీ, ఏడాది గడువు సంగతీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నా లెక్కలో ఈ గొడవ అసలు మలుపు తిరిగింది ఆకుపచ్చ గీత దగ్గర.

2022, 2023లలో అమోలెడ్ అనే రకం స్క్రీన్ ఉన్న కొన్ని ఫోన్లలో పై నుంచి కింది దాకా నిలువుగా సన్నటి ఆకుపచ్చ గీత పడటం మొదలైంది. కొన్నిటిలో గులాబీ రంగులో. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన తర్వాతే వచ్చిందని వేల మంది మొత్తుకున్నారు. చాలా ఫోన్లకు అప్పటికే వారంటీ అయిపోయింది. మొదట్లో సర్వీస్ సెంటర్ల జవాబు మనకు అలవాటైనదే: డిస్‌ప్లే మార్చాలి, డబ్బు కట్టాలి. గోల పెరిగాక మాట మారింది. 2023లో వన్‌ప్లస్ మన దేశంలో కొన్ని పాత మోడళ్లకు ఉచితంగా స్క్రీన్ మారుస్తామంది. 2024 ఏప్రిల్‌లో శాంసంగ్ కూడా కొన్ని పాత ఎస్ సిరీస్ ఫోన్లకు ఒకసారి ఉచితంగా మార్చింది. ఆ ఏడాది డిసెంబరుకల్లా వన్‌ప్లస్ ఈ గీత సమస్యకు జీవితకాల వారంటీ అని ప్రకటించింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఏడాది దాటితే కంపెనీకి సంబంధం లేదన్నదే నిజమైతే, ఈ స్క్రీన్లు ఎందుకు మార్చినట్టు? లోపం తయారీలోనో అప్‌డేట్‌లోనో ఉంటే దానికి కార్డు మీది తేదీతో పనిలేదని కంపెనీలే చేతల్లో ఒప్పుకున్నాయి. మాటల్లో మాత్రం ఒప్పుకోలేదు. దాన్ని బాధ్యత అనకుండా కస్టమర్ మీద ప్రేమ అన్నాయి. ప్రేమ కాబట్టి ఎవరి మీద చూపాలో వాళ్లిష్టం. మొదట దక్కింది ఖరీదైన మోడళ్లకే. పదిహేను, పదహారు వేల ఫోన్ బోర్డు పోయినవాడి గోల సోషల్ మీడియాలో అంత దూరం వినపడదు.

షాపుల వాళ్ల మాట కూడా ఒకటుంది. తిట్లు తినేది వాళ్లు, తేల్చేది కంపెనీ. మన తెలంగాణతో సహా దక్షిణాది రాష్ట్రాల రిటైలర్ల సంఘం 2024 ఏప్రిల్‌లో వన్‌ప్లస్‌కు ఉత్తరం రాసి, మే 1 నుంచి ఆ ఫోన్లు అమ్మబోమని చెప్పింది. మార్జిన్లు తక్కువన్నది ఒక కారణమైతే, వారంటీ క్లెయిములు నెలల తరబడి తేలకపోవడం ఇంకొకటి.

అప్‌డేట్‌కూ ఫోన్ పాడవడానికీ లంకె పెట్టడం కస్టమర్ల భ్రమ అనేవాళ్లకు 2017 డిసెంబరు గుర్తు చేయాలి. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నామని ఆపిల్ స్వయంగా ఒప్పుకున్న నెల అది. మరుసటి ఏడాది ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, అప్‌డేట్లతో ఫోన్లను నెమ్మదింపజేశారని ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది.

మరి మన చట్టం? ఫోన్‌కు ఏడాదే వారంటీ అని ఏ చట్టంలోనూ లేదు, అది కంపెనీ పెట్టుకున్న గడువు. సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనే ఉంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే పెట్టింది. చదివితే సంబరంగా ఉంటుంది, 'హాని' అంటే ఏమిటో చెప్పిన సెక్షన్ దాకా పోతే చల్లబడుతుంది. ఫోన్ పేలి చెయ్యి కాలితే హాని. ఫోనే పోతే ఆ అధ్యాయం లెక్కలో హాని కాదు.

అంటే దారి మూసుకుపోయిందని కాదు. లోపమున్న సరుకు అమ్మారని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు (జనం నోట్లో ఇప్పటికీ ఫోరమే) ఫిర్యాదు చేయొచ్చు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా గుర్గావ్‌లో ఉన్నా, దేవరకొండలో ఉండే మనిషి నల్లగొండలోనే కేసు వేసుకోవచ్చు. ఇది కొత్త చట్టం తెచ్చిన మేలు.

చిక్కు రుజువు దగ్గర. లోపం తయారీలోదేనని చూపాల్సింది కొన్నవాడే. పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ వస్తువును ల్యాబుకు పంపగలదు, ఆ ఖర్చు ఫిర్యాదుదారే ముందు కట్టాల్సి రావచ్చు. ల్యాబుకు పంపడానికైనా ఫోన్ ముట్టుకోకుండా ఉండాలి కదా. మనం చేసేదేమిటి? సర్వీస్ సెంటర్ రేటు వినగానే బజారులో తెలిసినాయన దగ్గరికి పోతాం. ఆయన హీట్ గన్‌తో వెనక అద్దం లేపి, బోర్డు మీద రేకు పీకి, ఐసీ రీబాల్ చేసి (అంటే చిప్పు ఊడదీసి మళ్లీ టంకం వేసి), "లాభం లేదన్నా" అని మళ్లీ అతికించి ఇస్తాడు. ఆయన తీసుకునేది మూడొందలు. దాంతో సాక్ష్యం కూడా పోతుంది. ఇక కంపెనీ వకీలు "బయట విప్పారు" అని ఒక్క మాటంటే చాలు.

కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు హక్కు) పోర్టల్ తెచ్చింది. విడిభాగాలు, రిపేరు వివరాలు ఒకచోట దొరుకుతాయి కానీ, గడువు దాటాక డబ్బు ఎవరిదో అది చెప్పదు. యూరప్‌లో కొన్నవాడికి రెండేళ్ల గ్యారంటీ చట్టమే ఇస్తుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే కొత్త మోడళ్ల బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం నిలబడాలి. మనకు అమ్మేదీ దాదాపు ఆ కంపెనీలే.

తమ్ముడి ఫోన్‌ను బజారుకు పోనివ్వలేదు. సర్వీస్ సెంటర్ జాబ్ షీట్ నా ముందే ఉంది. వారంటీ అన్నచోట 'అవుట్', అంచనా అన్నచోట 11,400. లోపానికి కారణం అన్న గడి ఖాళీ. అది నింపి ఇవ్వమని అడిగితే, కౌంటర్‌లోని అమ్మాయి "అది మేం రాయం సార్" అంది.