రెనిగేడా, స్క్రాంబ్లరా? ఫోర్ బై ఫోర్ క్వాడ్ బైకులపై అపోహలు - వాస్తవాలు

షార్జాలో నాలుగు చక్రాల క్వాడ్ బైకులు, బగ్గీలు బాగుచేసే పని నాది. చలికాలం మొదలైందంటే అల్ బదాయర్ ఇసుక దిబ్బల మీద తిరిగిన బళ్లు వరసగా మా షెడ్డుకి వస్తాయి. ఒకప్పుడు అద్దె బళ్లే ఎక్కువగా వచ్చేవి. ఇప్పుడు మన తెలుగువాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు కలిసి సొంతంగా కొంటున్నారు. వాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, కెన్-ఆమ్ రెనిగేడ్ తీసుకోమంటావా, పొలారిస్ స్క్రాంబ్లర్ తీసుకోమంటావా?"

రెండూ మంచి బళ్లే. కానీ విన్న మాటలు నమ్మి తమకి సరిపోని బండి కొని, రెండు నెలలకే అమ్ముకున్నవాళ్లని చాలామందిని చూశాను. అందుకే రాస్తున్నాను. ఇక్కడ పోలుస్తున్నవి పెద్ద బళ్లు రెండు: రెనిగేడ్ ఎక్స్ ఎక్స్‌సీ 1000ఆర్, స్క్రాంబ్లర్ ఎక్స్‌పీ 1000 ఎస్.

అపోహ: హార్స్‌పవర్ ఎక్కువున్నదే మంచి బండి.

రెనిగేడ్‌లో 976 సీసీ రోటాక్స్ వీ-ట్విన్ ఇంజిన్, 91 హార్స్‌పవర్. స్క్రాంబ్లర్‌లో 952 సీసీ ట్విన్, 89 హార్స్‌పవర్. తేడా రెండంటే రెండే. దిబ్బ ఎక్కేటప్పుడు ఆ రెండూ మీకు తెలియవు కూడా. తెలిసేది బరువు. రెండూ మనిషి ఎక్కకముందే మూడున్నర క్వింటాళ్లు దాటతాయి, స్క్రాంబ్లర్ ఇంకాస్త ఎక్కువ. ఇసుకలో కూరుకుపోయినప్పుడు దాన్ని లాగాల్సింది మీరూ, మీ స్నేహితుడూ. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ రెండూ వద్దనే చెబుతాను. 500, 570 సీసీ బండి మీద ఒక సీజన్ తిరిగి, తర్వాత వీటి దగ్గరికి రండి.

అపోహ: ఫోర్ బై ఫోర్ నొక్కితే నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసి లాగుతాయి. ఏ కంపెనీదైనా అంతే.

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బళ్ల మధ్య అసలు తేడా ఉన్నదీ ఇక్కడే.

ముందు వెనక చక్రాల సంగతి. రెండు బళ్లలోనూ వెనక డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు, వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. అందుకే గట్టి నేల మీద చిన్న మలుపు తిప్పితే బండి నేరుగా పోవాలని చూస్తుంది. అది స్టీరింగ్ చెడిపోవడం కాదు, అది దాని స్వభావం.

ఇక ముందు చక్రాలు. పొలారిస్‌లో మీరు స్విచ్ వేస్తే ముందు చక్రాలు సిద్ధంగా ఉంటాయి, అంతే. ముందు గేర్ కేసులో కరెంటుతో అయస్కాంతంలా పనిచేసే ఒక కాయిల్, కొన్ని రోలర్లు ఉంటాయి. వెనక చక్రాలు జారి, ముందు వాటికంటే వేగంగా తిరిగినప్పుడే ఆ రోలర్లు ఇరుక్కుని ముందు రెండు చక్రాలనీ ఒకేసారి పట్టుకుంటాయి. పట్టు రాగానే మళ్లీ వదిలేస్తాయి. పట్టుకున్నంతసేపూ ముందు రెండూ గట్టిగా లాగుతాయి, కాబట్టి ఒక చక్రం గాలిలో ఉన్నా బండి ముందుకు పోతుంది.

కెన్-ఆమ్‌ది వేరే పద్ధతి. ఫోర్ బై ఫోర్‌లో ముందు షాఫ్ట్ (ముందు చక్రాలకి బలం తీసుకెళ్లే కడ్డీ) ఎప్పుడూ కలిసే ఉంటుంది. ముందు డిఫరెన్షియల్ మాత్రం మామూలుగా తెరిచి ఉంటుంది, అంటే ముందు రెండు చక్రాలూ వేరువేరుగా తిరగొచ్చు. ఒక చక్రం ఊరికే తిరగడం మొదలుపెడితే లోపల చిక్కటి సిలికాన్ ద్రవం ఒత్తిడికి ప్లేట్లు దగ్గరై రెండో చక్రానికీ బలం వెళ్తుంది. దీన్నే విస్కో-లాక్ అంటారు. ఇది పట్టుకోవడం మెత్తగా జరుగుతుంది, హ్యాండిల్‌కి కుదుపు తగలదు. కాకపోతే ముందు చక్రం కొంచెం జారితేనే అది పని మొదలుపెడుతుంది.

తేడా బాగా తెలిసేది దిబ్బ దిగేటప్పుడు. పొలారిస్ మామూలు ఆల్-వీల్ (ఫోర్ బై ఫోర్) పద్ధతిలో దిగుతుంటే ముందు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, ఇంజిన్ ఆపే పట్టు వెనక చక్రాల మీదే ఉంటుంది. కెన్-ఆమ్‌లో షాఫ్ట్ కలిసే ఉంటుంది కనుక ఆ పట్టు ముందుకీ అందుతుంది. హత్తా వైపు రాళ్ల వాగుల్లో దిగుళ్లు ఎక్కువుండే చోట తిరిగేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుని కొంటే చాలు. దానివల్ల ఎంత టెన్షన్ తగ్గుతుందో!

స్విచ్ వేసే పద్ధతీ ఒకటి కాదు. కెన్-ఆమ్‌లో బండి ఆపి మార్చాలి. పొలారిస్‌లో కదులుతుండగా వేయొచ్చు, కానీ వెనక చక్రాలు గిరగిరా తిరుగుతున్నప్పుడు వేయకూడదు. యాక్సిలరేటర్ వదిలి, చక్రాలు నెమ్మదించాక వేయాలి. మా దగ్గరికి వచ్చే విరిగిన ముందు గేర్ కేసుల్లో చాలావాటికి కారణం, కూరుకుపోయాక కంగారులో ఫుల్ థ్రాటిల్ మీద స్విచ్ నొక్కడమే.

అపోహ: టైర్లు అరిగినవి మాత్రమే మారిస్తే సరిపోతుంది.

ముందూ వెనకా చుట్టుకొలతలు ఒకదానికొకటి లెక్కగా ఉండాలి. పొలారిస్ పద్ధతిలో వెనక టైర్లు బాగా అరిగి ముందువి కొత్తవైతే, నేరుగా పోతున్నా వెనక చక్రాలు ఎక్కువ తిరుగుతున్నట్టు లెక్క. ముందు రోలర్లు అవసరం లేకపోయినా పట్టుకోవాలని చూస్తాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, గేర్ కేసు వేడెక్కుతుంది. ముందు టైర్లు చిన్నవైతే అవసరమైనప్పుడు ఆలస్యంగా పట్టుకుంటాయి. ఇసుక కోసం వెనక మాత్రం పెద్ద పాడిల్ టైర్లు (తెడ్ల లాంటి పట్టీలున్నవి) వేయించుకుని, ఆ తర్వాత "ఫోర్ బై ఫోర్ పనిచేయట్లేదు" అని వచ్చినవాళ్లున్నారు. బండిలో లోపమేమీ లేదు.

అపోహ: వెడల్పు బండి పల్టీ కొట్టదు.

స్క్రాంబ్లర్ ఎక్స్‌పీ 1000 ఎస్ వెడల్పు 55 అంగుళాలు, అంటే దాదాపు 140 సెంటీమీటర్లు. రెనిగేడ్ ఎక్స్ ఎక్స్‌సీ 48 అంగుళాలు. సస్పెన్షన్ కూడా స్క్రాంబ్లర్‌కే ఎక్కువ: వెనక చక్రాలు 14 అంగుళాల దాకా కిందికీ పైకీ ఆడతాయి, రెనిగేడ్‌లో అది 10 అంగుళాల లోపు. ఎగుడుదిగుడు ఇసుకలో వేగంగా పోయేవాళ్లకి స్క్రాంబ్లర్ నడుం నొప్పి తెలియనివ్వదు. ఇది నా చేతులతో నడిపి చెబుతున్న మాట.

అలాగని వెడల్పు ఉంటే దిబ్బ వాలు మీద ధైర్యంగా అడ్డంగా పోవచ్చనుకోకండి. స్క్రాంబ్లర్ కింది భాగమే నేలకి 14 అంగుళాల పైన ఉంటుంది, మనిషి ఇంకా పైన కూర్చుంటాడు. బరువు ఎత్తుకి వెళ్లేకొద్దీ వెడల్పు ఇచ్చిన లాభం తగ్గుతుంది. క్వాడ్ బైక్‌లో పల్టీ ఆపేది మీ శరీరం. పైవైపు వాలాలి, మోకాళ్లు వదులుగా ఉండాలి. రెనిగేడ్ నడుము సన్నగా ఉండటం వల్ల అటూ ఇటూ జరగడం తేలిక. ఐదున్నర అడుగుల ఎత్తుండే మనవాళ్లలో చాలామందికి అది బాగా నప్పుతుంది.

ఇంకో సంగతి. అమెరికా అటవీ ప్రాంతాల్లో చాలా ట్రెయిళ్లు 50 అంగుళాలు, అంతకంటే సన్నని బళ్లకే. అక్కడున్న మన బంధువులెవరైనా ఇది చదివి కొనాలనుకుంటే, స్క్రాంబ్లర్ ఎస్ ఆ దారుల్లో పట్టదు. గల్ఫ్‌లో ఆ గొడవ లేదు గానీ, మీ పికప్ వెనక భాగంలో చక్రాల గూళ్ల మధ్య ఎంత చోటుందో టేపుతో కొలిచి తెచ్చుకోండి.

అపోహ: ఇవి రేస్ బళ్లు, స్పేర్ పార్టులు దొరకవు.

రెనిగేడ్ ఎముకలు అదే కంపెనీ బండి అవుట్‌ల్యాండర్‌వే. స్క్రాంబ్లర్‌వి పొలారిస్ స్పోర్ట్స్‌మన్‌వి. పొలాల్లో, వేటకి వాడే ఆ బళ్లు ప్రపంచమంతా తిరుగుతున్నాయి కాబట్టి లోపలి సామాన్లు చాలావరకు దొరుకుతాయి.

అపోహ: బెల్ట్ బండి బలహీనం.

రెండిట్లోనూ ఇంజిన్ బలాన్ని గేర్లకి అందించేది రబ్బరు బెల్టే. బెల్ట్ తెగేది ఎక్కువగా వాడకం వల్ల. నిలువు దిబ్బని నెమ్మదిగా హై గేర్‌లో ఎక్కించడం, కూరుకుపోయిన బండిని అదే గేర్‌లో ఊపడం. లో గేర్ ఉన్నది దానికే. కాలిన రబ్బరు వాసన వస్తే వెంటనే ఆగి చల్లారనివ్వండి. సీటు కింద ఒక స్పేర్ బెల్ట్, దాన్ని మార్చే పనిముట్లు ఉంచుకోండి.

అపోహ: సీటు పొడవుగా ఉంది, వెనక ఒకళ్లు కూర్చోవచ్చు. పిల్లల్ని కూర్చోబెట్టుకున్నా ఏం కాదు.

ఇక్కడ మాత్రం నా మాట వినండి. ఈ రెండు బళ్లూ ఒక్కరికే. సీటు పొడవు ఉన్నది నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి. వెనక మనిషి కూర్చుంటే ఆ చోటు పోతుంది, బరువు వెనక ఇరుసు మీదికి వెళ్తుంది, ఎక్కుతున్న దిబ్బ మీద ముందు చక్రాలు లేచిపోతాయి. మా కస్టమర్ ఒకతను స్నేహితుణ్ణి ఎక్కించుకుని ఇలాగే వెనక్కి పడ్డాడు. మూడున్నర క్వింటాళ్ల బండి ఇద్దరి మీదా పడింది. ఇద్దరూ బతికారు, కానీ స్నేహితుడి భుజం ఎముకకి ప్లేటు వేయాల్సి వచ్చింది. ఆ బండిని బాగుచేసినన్ని రోజులూ నాకు మనసు బాగాలేదు. నడపడానికి కనీసం 16 ఏళ్లుండాలని ఇద్దరు తయారీదారులూ బండి మీదే స్టిక్కర్ వేస్తారు. దాన్ని పీకేయకండి. హెల్మెట్ లేకుండా మా షెడ్డు నుంచి ట్రయల్‌కి కూడా ఎవరినీ పంపను.

అపోహ: కిలోమీటర్లు తక్కువ తిరిగిన పాత బండి కొత్తదానితో సమానం.

కిలోమీటర్లు చూడకండి, మీటర్లో గంటలు చూడండి. తక్కువ కిలోమీటర్లకి గంటలు ఎక్కువుంటే బండి ఇసుకలో కష్టపడిందని అర్థం. తర్వాత గాలి ఫిల్టర్ పెట్టె తెరిచి, ఫిల్టర్‌కి అవతల, ఇంజిన్ వైపు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి ఇసుక తగిలితే బేరం ఆపేయండి, ఆ ఇంజిన్ లోపల ఇప్పటికే అరిగింది. బెల్ట్ మూత విప్పమనండి. ముందు భాగం జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, టకటక మంటే బాల్ జాయింట్లు పోయాయి. అమ్మేవాడు మూత విప్పడానికి ఒప్పుకోకపోతే, ఎంత తక్కువ ధర చెప్పినా వచ్చేయండి.