పరికరం పంచుకుంటే పాడైపోతుందా? ఉమ్మడి ల్యాబ్‌లపై అపోహలు - వాస్తవాలు

ఎన్‌ఎంఆర్ (బలమైన అయస్కాంతంతో అణువుల నిర్మాణం తెలిపే యంత్రం), ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న ల్యాబ్‌ను చూసుకోవడం నా పని. మా సంస్థవాళ్లతో పాటు బయటి కాలేజీలు, కంపెనీలూ వాడుకునే ల్యాబ్ ఇది. ఇక్కడ తరచూ వినబడే మాటలు కొన్ని.

అపోహ: బయటివాళ్లకిస్తే యంత్రం పాడవుతుంది.

అసలు బయటివాళ్లు యంత్రాన్ని ముట్టుకోరు. సన్నటి 5 మిల్లీమీటర్ల గాజు ట్యూబులో అర మిల్లీలీటరు ద్రావణం తెస్తారు, నడిపేది మా ఆపరేటరే. ఇక ఎన్‌ఎంఆర్ అయస్కాంతం ద్రవ హీలియంలో, సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. శాంపిల్ పెట్టినా పెట్టకపోయినా ఆ హీలియం ఆవిరవుతూనే ఉంటుంది, వేళకు నింపాల్సిందే. అలాంటప్పుడు యంత్రాన్ని ఖాళీగా ఉంచి మిగుల్చుకునేది ఏముంది? ప్రాజెక్టు అయిపోయి ఆపరేటర్ వెళ్లిపోతే, నడిపేవాళ్లు లేక కవరు కప్పుకుని కూర్చున్న యంత్రాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కోట్లు పెట్టి కొన్నప్పుడే ఆపరేటర్ జీతం గురించి కూడా ఆలోచించాలి.

అపోహ: ప్రభుత్వ డబ్బుతో కొన్నదే కదా, ఉచితంగా ఇవ్వాలి.

గ్రాంటుతో యంత్రం వస్తుంది. ఆ తర్వాత ఏటేటా హీలియం, స్పేర్ పార్టులు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఖర్చులు ఎవరు భరించాలి? ఫీజు అందుకే. విద్యార్థులకు తక్కువ, కంపెనీలకు ఎక్కువ ఉండటం న్యాయమే.

అపోహ: మాది చిన్న కాలేజీ, మాకెవరిస్తారు?

ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబేల్లోని సైఫ్ (అధునాతన పరికరాల ఉమ్మడి ల్యాబ్) కేంద్రాలు 1970ల్లో మొదలైందే బయటి పరిశోధకుల కోసం. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది. ఏ పరికరం ఏ ఊళ్లో ఉందో అందులో వెతికి, స్లాట్ కూడా అక్కడే అడగొచ్చు. గైడ్ చెప్పేదాకా ఆగకండి, మీరే వెతకండి.

అపోహ: శాంపిల్ పంపితే మన ఐడియా బయటపడుతుంది.

పదార్థం పేరు బదులు కోడ్ నంబరు రాసి పంపండి, ఎవరూ కాదనరు. కానీ అది విషపూరితమా, మండుతుందా, పూర్తిగా ఆరిందా, అయస్కాంత గుణం ఉందా అన్నవి మాత్రం దాచకండి. తడి పొడి పెడితే మైక్రోస్కోప్‌లో వాక్యూమ్ దెబ్బతింటుంది. అయస్కాంత గుణమున్న పొడి లోపలి లెన్స్‌కు (అదీ అయస్కాంతమే) అతుక్కుంటే సర్వీస్ ఇంజనీరును పిలవాలి. ఆయన వచ్చి బాగుచేసేదాకా క్యూలో ఉన్న అందరి శాంపిళ్లూ ఆగిపోతాయి. వాళ్లలో థీసిస్ గడువు దగ్గరపడినవాళ్లూ ఉంటారు.